బాబిలోన్ రాణి కడియాలు

ఫోరస్ రోడ్డు మీద తాళాలు బాగుచేసే దుకాణం ఒకటుంది. దాని పైగదే నీత డిటెక్టివ్ ఆఫీసు. ఆ ఇరుకు మెట్లెక్కి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళి సంబంధాల వాళ్ళే. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి ఇంతకుముందు ఎవరైనా ఉన్నారా, జీతం చెప్పినంత వస్తుందా, ఇవే ప్రశ్నలు. అందుకే ఆ ఉదయం మెట్ల మీద గబగబా అడుగుల చప్పుడు వినగానే విక్కీ, "పెళ్ళికొడుకు పారిపోయినట్టున్నడక్కా" అన్నాడు.

విక్కీకి నలభై దాటాయి. కొరియర్ కవర్లు పంచే ఉద్యోగం మానేసి నీత దగ్గర చేరాడు. నీతక్కను మించిన డిటెక్టివ్ బొంబాయిలో లేదని అతని గట్టి నమ్మకం, మిగతా ఊళ్ళ సంగతి తనకు తెలియదు కాబట్టి వాటి జోలికి పోడు. ప్రతి కేసులోనూ టీ చల్లారేలోపు దొంగెవరో తేల్చేస్తాడు. ఇంతవరకూ ఒక్కసారీ నిజం కాలేదు. దానికి అతను ఏమాత్రం నొచ్చుకోడు కూడా.

వచ్చింది పెళ్ళివాళ్ళు కాదు. పాతికేళ్ళ పిల్ల. కొంగు నడుముకు దోపుకుని ఉంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. గుమ్మంలోనే నిలబడి, "మా ఆయనను దొంగ అంటుండ్రు మేడం" అంది.

నీత కళ్ళజోడు పైకి తోసుకుని కుర్చీ చూపించింది. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, ఎప్పుడూ నూలు చీరే కడుతుంది, గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు.

"ముందు నీళ్ళు తాగు బిడ్డా. పేరేంది? ఎవరన్నరు?"

"దివ్య. మా చాల్ల గణపతిని నిలబెట్టే మండల్ వాళ్ళన్నరు. గణపతి కాడ కాపలా పని మా ఆయనదే, ఆంజనేయులు. నిన్న పగటీలి రాణి కాళ్ళకున్న కడియాలు పోయినయి. రేపటి ఆరతి లోపల దొరకకుంటె ఠాణాల ఇస్తమంటుండ్రు. మేం పాలమూరు నుంచి వచ్చి కూలి చేసుకుంటున్నం మేడం. ఒక్కసారి దొంగ అని పేరు పడితె మమ్ముల ఏ మేస్త్రి పిలుస్తడు? తల దాచుకోనీకి జాగ ఎవరిస్తరు?"

"రాణి ఎవరు?" అడిగాడు విక్కీ.

"బాబిలోన్ రాణి" అని దివ్య ముక్కు తుడుచుకుంది.

ఇక్కడ కొంచెం ఆగి ఆ చాల్ సంగతి చెప్పాలి. కామాటిపురాలో ఈ బొంబాయిని కట్టడానికి రాళ్ళు మోసిన తెలుగువాళ్ళ మనవలు, మునిమనవలు ఇంకా ఉంటున్న చాళ్ళలో అదొకటి. వరసగా గదులు, ముందు పొడుగాటి వసారా, అందరికీ కలిపి ఒకే కుళాయి. మనుషులు చిన్న ఉద్యోగాల్లో, డ్రైవర్లుగా, ప్యూన్లుగా కుదురుకున్నారుగానీ కట్టే చెయ్యి ఊరుకోదు కదా! ఏటా వినాయక చవితికి గల్లీలో పండాల్ వేసి, లోకంలో ఏదో ఒక గొప్ప చోటును అట్టలతో, ప్లాస్టర్‌తో కట్టి నిలబెడతారు. దాన్ని దెఖావా అంటారు. ఒక ఏడు ఈజిప్టు పిరమిడ్లు వచ్చాయి. ఒక ఏడు ట్రాయ్ నగరం గుర్రం వచ్చింది, దాని కడుపులోంచి సైనికులకు బదులు చాల్ పిల్లలు దిగి ప్రసాదం పంచారు. చైనా గోడ కట్టిన ఏడు పాలవాడు దాన్ని దాటలేక వారం రోజులు తిట్టుకున్నాడు. గల్లీ దాటని ముసలమ్మలు కూడా ఈ చాల్లో ప్రపంచమంతా చూసేశారు. ఈ ఏడు వంతు బాబిలోన్ వేలాడే తోటలకు వచ్చింది.

*

పండాల్ పరదా తీసి లోపలికి అడుగుపెట్టగానే విక్కీ నోరు తెరిచాడు. మెట్లు మెట్లుగా లేచిన మిద్దెలు, ప్రతి మిద్దె నుంచీ కిందికి జారే పచ్చదనం. మొక్కలన్నీ నిజంవే. ఇంటింటికీ తిరిగి కుండీలు అడిగి తెచ్చారు, అందుకే ఆ బాబిలోన్లో తులసి, కలబంద, కరివేపాకు కూడా గుబురుగా ఉన్నాయి. మధ్యలో వినాయకుడు చల్లగా కూర్చున్నాడు. ఆయన ముందు, నేల మీద, నిలువెత్తు ఆడమనిషి బొమ్మ పడుకుని ఉంది. మెడ వరకూ తెల్ల దుప్పటి కప్పారు.

"పోలీసులొస్తే చూపియ్యాలని నిన్నటి నుంచి దేన్నీ ముట్టనియ్యలేదు తాయీ" అన్నాడు అతుల్. మండల్ అధ్యక్షుడు. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. "అయినా ఇందుల చూసేది ఏమున్నది? ఇక్కడ కొత్తోడు ఆంజనేయులు ఒక్కడే. బస్, లెక్క తేలిపోయింది."

నీత జవాబు చెప్పకుండా బొమ్మ పక్కన గొంతుక్కూర్చుంది. ఆ బొమ్మను చేసినవాడు తుషార్. పగలు సినిమా సెట్లకు రంగులేసే కుర్రాడు, ఈ దెఖావాకు కళాదర్శకుడు. అతను కంగారుగా చేతులు నలుపుకుంటూ వెనకే నిలబడ్డాడు.

"కొండల దేశం నుంచి వచ్చిన రాణి అక్కా. ఇక్కడ అంతా చదును నేల. పుట్టిన ఊరి మీద బెంగ పెట్టుకుని తిండి మానేసింది. రాజు చూడలేక ఆమె కోసం కొండనే కట్టించి, దాని నిండా చెట్లు పెంచిండు."

"నిజంగ కట్టిండా?"

"తెల్వదక్కా. తవ్వినోళ్ళకు గుర్తేం దొరకలే. కథ మాత్రం ఎప్పటిసందో చెప్పుకుంటనే ఉన్నరు."

"మరి ఈమెకు నారాయణపేట చీర ఎట్ల వచ్చింది?" నీత దుప్పటి కొంచెం పక్కకు తీసింది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు, కట్టి కట్టి మెత్తబడిన చీర.

తుషార్ నవ్వాడు. "అది ఈ పక్క గదిల ఉండే రత్నాబాయి అత్తది. ఈ కథ చెప్తుంటె ఆమె ఏడ్చింది. 'మా అవ్వ గూడ పాలమూరు గుట్టల నుంచి వచ్చి ఇక్కడ రాళ్ళు మోసుకుంట అట్లనే బెంగ పడిందంట' అన్నది. తన పాత చీర ఇచ్చింది. వెండి కడియాలు కూడా పెట్టింది, వాళ్ళవ్వ కాలం నాటివి. మొహం కూడా ఆమె వయసుల ఉన్నప్పటి ఫొటో చూసే చేసిన."

ఇక ఆంజనేయులు వంతు వచ్చింది. అతను బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. దివ్య తెచ్చిన టిఫిన్ మూత కూడా తీయలేదు.

"నిన్న ఏమైందో మొదటి నుంచి చెప్పు" అంది నీత.

"వాన నీళ్ళు కారి రాణి నడుముకాడ పగులొచ్చిందక్కా. తుషార్ వచ్చి ప్లాస్టర్ పెట్టిండు. నిలబడితె మల్ల పగుల్తది, ఆరెదాక పండబెడుదమన్నడు. ఇద్దరం పట్టి పండబెట్టినం. దుమ్ము పడొద్దని దుప్పటి కప్పినం."

"తల ఇటే పెట్టిండ్రా?"

"అంతే జాగ ఉండె గదక్కా."

నీత పరదా సందులోంచి పడుతున్న ఎండ వంక ఒకసారి చూసింది.

"తర్వాత?"

"తుషార్ అన్నానికి పోయిండు. ఆ జిగురు వాసనకు తల తిరుగుతుంటె రాణి తలకాడ అగరుబత్తులు ముట్టిచ్చిన. ఇంతల కుళాయి వచ్చింది, బకెట్లు నింపనీకి పోయిన. వచ్చి చూస్తె కడియాలు లేవు."

"ఆ మధ్యల ఎవరన్న లోపలికి పోయిండ్రా?"

"కుళాయి కాడికి ఈ పరదా కనబడ్తనే ఉంటది. బయటోళ్ళు ఎవ్వరు రాలే. ఒట్టు."

"విన్నారా? వాని నోటితోనే చెప్పిండు" అన్నాడు అతుల్.

నీత బొమ్మ పాదాల మీదికి వంగింది. ప్లాస్టర్ ఎక్కడా పెచ్చులూడలేదు, చిన్న గీత కూడా పడలేదు. కానీ రెండు పాదాలూ పసుపు రంగులో ఉన్నాయి. వేలితో రుద్ది వాసన చూసింది. బొమ్మ జుట్టులో ఒక బంతిపువ్వు దోపి ఉంది.

"ఆ రంగు నేను వెయ్యలే" అన్నాడు తుషార్, తన పని పాడైనందుకు రోషంగా. "నేను దంతం రంగు వేసిన. పువ్వు కూడా నాది కాదు. బాబిలోన్ రాణికి బంతిపువ్వేంది?"

"ఆ కడియాలు ఎట్ల తీస్తరు?"

"సులువు కాదక్కా. లోపలి దిక్కు చిన్న శీల ఉంటది, దాన్ని తిప్పితేనే తెరుచుకుంటయి. నాకు ఎంతకూ రాకపోతె అత్తనే వచ్చి పెట్టింది, అప్పుడు చూసి నేర్చుకున్న." చెప్తూ చెప్తూనే తుషార్ మొహం పాలిపోయింది. తన మెడకు తనే ఉచ్చు బిగించుకున్నానని అప్పుడుగానీ అతనికి తట్టలేదు.

అతుల్ కళ్ళు అటు తిరిగాయి. "అరే, అంటే నువ్వు..."

"ఆగు అతుల్" అంది నీత. "పూటకొక దొంగను పట్టుకుంటె పండాల్ సరిపోదు."

*

రత్నాబాయి గది పండాల్‌కు ఆనుకునే ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషి, చెయ్యీ నోరూ రెండూ ఆగవు. ఒక చేత్తో స్టవ్ మీద టీ పెడుతోంది. ఒక చేత్తోనే ఎందుకంటే, రెండోది మంచం మీద కూర్చున్న భర్త రాజమల్లు పట్టుకుని ఉన్నాడు.

"నిన్న సాయంత్రం సంది ఇదే కథ బిడ్డా" అంది ఆమె విసుగు నటిస్తూ. "ఇడుస్తలేడు. కుళాయి కాడికి పోతె ఎంబడే వస్తుండు. చాల్లంత నవ్వుతుండ్రు. ఈ వయసుల ఏం ముద్దులయ్యా అంటె ఇనడు."

రాజమల్లు ఒకప్పుడు పేరున్న ప్లాస్టర్ మేస్త్రి. ఇప్పుడు ఆయన జ్ఞాపకం రేడియోలా పనిచేస్తోంది, ఒక్కోసారి స్పష్టంగా పలుకుతుంది, ఒక్కోసారి ఉత్త గరగరే. నీతను చూసి, "సారిక వచ్చిందా?" అన్నాడు.

"ఏ సారిక? మనకెవ్వరు లేరు" అని రత్నాబాయి గిన్నె టక్కున దించింది.

విక్కీ గోడ వంక చూశాడు. గోడ నిండా ఫొటోలు, మధ్యలో ఒక్క మేకు ఖాళీగా ఉంది.

"ఒక్కతే బిడ్డ" అంది రత్నాబాయి, ఎవరూ అడగకుండానే. "నాకు ఒక్క మాట చెప్పకుంట కోర్టుల పెండ్లి చేసుకున్నది. పిల్లగాడు మంచోడే, నేను కాదందునా? అడగనే అడగలె. మూడేండ్లాయె. మా అవ్వ కడియాలు మా అమ్మకొచ్చినయి, అమ్మవి నాకొచ్చినయి. ఇగ నాయి ఎవరికియ్యాలె? అందుకే బొమ్మకు పెట్టిన. ఆ రాణన్న పెట్టుకుంటది."

ఆ మాటతోనే టీ గ్లాసులు అవసరానికి మించి కడిగింది.

"నిన్న కడియాలు పోయిన టైంల మీరిద్దరు యాడున్నరు పెద్దమ్మా?"

"నాగ్‌పాడా మార్కెట్‌కు పోయిన, కొబ్బరికాయలకు. ఈయన పండుకొని ఉండె. నేను వచ్చేసరికి లేడు. ఎతికి ఎతికి సచ్చిన. సాయంత్రం తనే వచ్చిండు. వచ్చి ఏం చేసిండనుకున్నవ్? గడప తొక్కకుంట కుళాయి కింద కూసుని బట్టలతోటే నెత్తి మీద నీళ్ళు పోసుకున్నడు. ఏమైందయ్యా అని నేను బయటికొస్తె, నన్ను చూసి చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. అప్పుడు పట్టుకున్నదే ఈ చెయ్యి."

నీత టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ కూర్చుంది.

"ఇంకేమన్న వింత జరిగిందా?"

"ఫోన్ మోగుతుంది. ఎత్తితె ఎవ్వరు మాట్లాడరు. ఊపిరి మాత్రం ఇనబడ్తది. దొంగలే బెదిరిస్తున్నరేమోనని భయమైతుంది బిడ్డా." ఆమె పాత బటన్ ఫోన్ తీసి ఇచ్చింది. ఆ ఫోన్లు వస్తున్న నంబరును నీత తన ఫోన్లో ఎక్కించుకుంది.

లేవబోతూ రాజమల్లు ముందు వంగి, "పెద్దనాయినా, నిన్న ఎటు పోయినవ్?" అని మెల్లగా అడిగింది. ఆయన జ్ఞాపకం కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. భార్య చేతిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుని, "ఏం కాలే. ఏం కాలే" అన్నాడు.

*

"తెలిసిపోయిందక్కా" అన్నాడు విక్కీ, ఆఫీసు మెట్లెక్కుతూనే. "అతుల్. అరిచేటోడే దొంగ. ఫోన్లు కూడా వాని మనుషులే చేస్తుండ్రు."

"దొంగ పసుపు ఎందుకు పూసిండు?"

"వేలిముద్రలు పోవాలని."

నీత నవ్వు ఆపుకోలేకపోయింది. "సరే, ఇంకోటి చెప్పు. వెండి కోసం వచ్చినోడు బకెట్లు నిండేలోపల పని ముగించాలె. కాలు పగలగొట్టి లాక్కపోతడు. ఈ మనిషి శీల తిప్పి, నొప్పి తగుల్తదేమో అన్నట్టు తీసిండు. గణపతి పళ్ళెంల నుంచి పసుపు తెచ్చి కాళ్ళకు రాసిండు. జుట్టుల పువ్వు పెట్టిండు. అది దొంగతనమా?"

నీత ఆ నంబరుకు ఫోన్ కలిపింది. అవతలి గొంతు విక్కీకి వినిపించలేదు, నీత మాటలే వినిపించాయి.

"రత్నాబాయి వాళ్ళ చాల్ నుంచి మాట్లాడుతున్న. భయపడకు, అందరు బాగున్నరు... అవునా... లోపలికి రాలేదా?... నీళ్ళు కూడ తాగలేదా?" తర్వాత చాలాసేపు విన్నది. ఆమె కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకోవడం విక్కీ చూశాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. చివరికి, "రేపు ఆరతికి రా బిడ్డా. పెట్టుకునే రా" అని ఫోన్ పెట్టేసింది.

"ఎవరక్కా?"

"రేపు" అంది నీత. విక్కీకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

*

మరునాడు ఆరతికి ముందు పండాల్ పరదా దించి ఉంది. లోపల అతుల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తుషార్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఆంజనేయులు తలవంచుకుని ఒక మూల, అతన్ని ఆనుకుని దివ్య. రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో రత్నాబాయి, రాజమల్లు. చెయ్యి ఇంకా వదల్లేదు. ముసలాయన బాబిలోన్ మిద్దెల మీద వెలిగే చిన్న బల్బులను చూసి మురిసిపోతున్నాడు. విక్కీ నీత పక్కనే నిలబడ్డాడు, కాస్త గర్వంగానే.

"కడియాలు దొరికినయి" అంది నీత. "ఇంకాసేపట్ల ఇక్కడికి వస్తయి. కానీ ఇక్కడ దొంగతనం జరగలేదు."

అతుల్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తింది.

"నిన్న ఆంజనేయులును ఎవరొచ్చిండ్రని అడిగితె, బయటోళ్ళు ఎవ్వరు రాలేదన్నడు. నిజమే చెప్పిండు. బయటోళ్ళు రాలే. ఆంజనేయులూ, మొన్న నువ్వు కుళాయి కాడ ఉన్నప్పుడు రాజమల్లు తాత ఇటు పోలేదా?"

"తాతనా?" ఆంజనేయులు తెల్లబోయాడు. "పోయిండు. దినాం దేవునికి దండం పెట్టనీకి పోతడు గద. తాతను లెక్కల ఎట్ల పెడ్తమక్కా?"

"నా మొగడు దొంగ అంటవా?" రత్నాబాయి లేవబోయింది. చెయ్యి చిక్కి మళ్ళీ కూర్చుంది.

"కాదు పెద్దమ్మా. కూసో, ఇను." నీత గొంతు ఇంకా తగ్గింది. "పెద్దనాయిన నిద్ర లేచి చూసిండు, నువ్వు లేవు. మార్కెట్‌కు పోయినవని గుర్తు లేదు. ఎతుక్కుంట ఇక్కడికొచ్చిండు. ఏం కనబడ్డది? దక్షిణం దిక్కు తల పెట్టి పండబెట్టిన మనిషి. తెల్ల దుప్పటి. తలకాడ అగరుబత్తులు. మనిషి ఒంటి మీద నీ చీర, నీ మొహం, కాళ్ళకు నీ కడియాలు. పక్కన ఏడ్చేటోళ్ళు కూడ ఎవరు లేరు. ఆయన ఏమనుకుంటడు?"

రత్నాబాయి నోటి మీద కొంగు పెట్టుకుంది.

"ముత్తయిదువ పోతె మనోళ్ళు ఏం చేస్తరు? కాళ్ళకు పసుపు పూస్తరు. జుట్టుల పువ్వు పెడ్తరు. ఎత్తుకపోయే ముందు ఒంటి మీది సొమ్ములు తీస్తరు. అవన్నీ ఒక్కడే చేసిండు. ఆ శీల ఆయన చేతికి ఎప్పటినుంచో అలవాటే, నువ్వు అలిసిపోయి వస్తె ఎన్నిసార్లు తీసి పెట్టిండో నీకే తెల్వాలె. తీసిన సొమ్ము ఎవరికి పోవాలె? అమ్మ కడియాలు బిడ్డకు. అందుకే సారిక కాపురముండే వర్లి చాళ్ళ దిక్కు పోయిండు."

"వర్లికా? ఒక్కడే?" అంది రత్నాబాయి. "దుకాణానికి పోతె తొవ్వ మర్చిపోతడు."

"ఆ చాళ్ళకు ప్లాస్టర్ చేసినోడు గదా, ఆ తొవ్వ కాళ్ళకే తెలుసు. సారిక గడపల నిలబడ్డడు. కబురు చెప్పాలని పోయిండు, నోరు రాలేదు. 'ఇగ ఇవి నీయే బిడ్డా' అని చేతుల పెట్టిండు. చావు కబురు తెచ్చినోడు లోపల కూసోడు, నీళ్ళు ముట్టడు. ఈయన కూడ ముట్టలేదు. వెనక్కి వచ్చి, గడప తొక్కకముందే బట్టలతోటి తానం చేసిండు. అప్పుడు నువ్వు ఎదురుంగ వచ్చినవ్."

రత్నాబాయి మొగుడి వంక తిరిగింది. ఆమెకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని ప్రయత్నించనూ లేదు. "నేను పోయిననుకొని అంత దూరం ఒక్కనివే పోయినవా అయ్యా" అంటూ ఆయన భుజం మీద తల పెట్టింది. రాజమల్లుకు ఎందుకో తెలియదుగానీ, ఆమె వీపు నిమిరాడు.

విక్కీ కళ్ళు తుడుచుకుని పక్కకు చూస్తే, అతుల్ కూడా అదే పనిలో ఉన్నాడు. ఆ భారీ మనిషి ఆంజనేయులు ముందుకు వెళ్ళి, "మాఫ్ చేయ్ భాయ్. నోరు జారిన. ఆరతి అప్పుడు అందరి ముందట కూడ చెప్త" అన్నాడు. దివ్య టిఫిన్ మూత తీసి, "ఇప్పుడన్న తిను" అంది.

"ఇంకొక్క మాట" అంది నీత. "సారికకు ఇవేవీ తెల్వయి పెద్దమ్మా. నాయిన ఏం చెప్పలే గదా, ఆ పిల్ల ఇంకోటి అనుకున్నది. అమ్మనే మనసు కరిగి పంపిందనుకున్నది. అందుకే ఫోన్ చేస్తుంది. నువ్వు ఎత్తంగనే మాట రాక పెట్టేస్తుంది. నేనేం చెప్పలే. ఏం చెప్పాలనో అది నీ ఇష్టం."

రత్నాబాయి జవాబిచ్చేలోపే పరదా కదిలింది.

ముప్పై ఏళ్ళ మనిషి లోపలికొచ్చి అక్కడే ఆగిపోయింది. చేతిలో స్వీట్ల డబ్బా, కాళ్ళకు వెండి కడియాలు. ఇంతమంది తననే చూడటంతో తడబడింది. తల్లి ఏడ్చిన మొహం చూసి ఇంకా తడబడింది.

"అమ్మా" అంది సారిక. "నువ్వు ఇవి పంపినవని చూడంగనే రావాలనుకున్న. కాళ్ళు రాలే. పెండ్లికి ముందు నిన్ను ఒక్క మాట అడగలే, తప్పు నాదే. అయినా నువ్వే పంపినవ్..."

పండాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ నిజం తెలుసు. ఆ నిజం కోసమే మొన్నటి నుంచి ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్న ఆంజనేయులుకు మరీ బాగా తెలుసు. అతను ముద్ద నోట్లో పెట్టుకుని తల దించుకున్నాడు. అతుల్ కప్పు వంక చూశాడు. తుషార్‌కు ఉన్నట్టుండి బొమ్మ చీర సర్దాల్సిన పని గుర్తొచ్చింది.

"నేనే పంపిన బిడ్డా" అంది రత్నాబాయి. "నీయే గదా అవి. నేను పంపకుంటె ఎవరు పంపుతరు?"

సారిక డబ్బా జారవిడిచి వచ్చి తల్లి మోకాళ్ళ మీద పడింది. కూతుర్ని రెండు చేతులతో దగ్గరికి తీసుకోవాలంటే రత్నాబాయికి ఒకటే చెయ్యి ఖాళీగా ఉంది. రాజమల్లు అది గమనించాడు. రెండు రోజులుగా పట్టుకున్న చేతిని మెల్లగా వదిలాడు. తర్వాత కూతురి తల మీదికి వంగి, వర్లి గడపలో చెప్పలేకపోయిన కబురు ఇప్పుడు చెప్పాడు.

"అమ్మకు ఏం కాలే బిడ్డా. యాడికీ పోలే. చూడు, ఈడనే ఉన్నది."

సారిక తడి కళ్ళతో తల ఎత్తింది. "ఏమంటుండమ్మా నాయిన?"

"ఏమంటడు?" అంది రత్నాబాయి, కూతురి కాళ్ళకున్న కడియాల శీల సరిగా పడిందో లేదో తడిమి చూస్తూ. "నీకు మంచిగున్నయి అంటుండు."